నేత షెడ్డులో పెదవులు కదిపే మనిషి

చీకటి పడ్డాక లంబ్ హే బట్టల మిల్లు వెనకున్న నేత షెడ్డు వైపు మా ఊళ్లో ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. ఇప్పుడైతే వెళ్దామన్నా ఆ షెడ్డు లేదు.

కాలవ గట్టున కుక్కల్ని తిప్పేవాళ్లు ఆ గోడ దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్లు. కుక్క నడవనంటుందని చెప్పేవాళ్లు గానీ, నడవనిది కుక్కో మనిషో నాకు తెలీదు. ఒకసారి ఇద్దరు దొంగలు పైకప్పు మీది సీసం రేకులు పీక్కుపోదామని లోపలికి దిగారు. రేకులూ, నిచ్చెనా, ఒక బూటూ అక్కడే వదిలేసి, పరిగెత్తుకుంటూ పోయి పోలీసు స్టేషన్లో వాళ్లంతట వాళ్లే లొంగిపోయారు.

ఎవరు చెప్పినా ఒకటే చెప్పేవాళ్లు. లోపల ఇనప స్తంభాల మధ్య ఒక ముసలావిడ నిలబడి ఉంటుంది. ఎదురుగా ఎవరూ ఉండరు. అయినా మాట్లాడుతూ ఉంటుంది... పెదవులు కదులుతాయి, బుగ్గలు కదులుతాయి, కనుబొమలు పైకి లేస్తాయి.

చప్పుడు మాత్రం రాదు. గాలి చప్పుడంత కూడా రాదు.

నేను ఊరి కౌన్సిల్లో పాత కట్టడాలు చూసుకునే ఉద్యోగం చేసేదాన్ని. ఏ ఇల్లు కాపాడాల్సిన జాబితాలో ఉందో, ఎవరు ఏ కిటికీ మార్చొచ్చో, ఏ రాయి కదపకూడదో చెప్పే పని. లంబ్ హే మిల్లుని ఫ్లాట్లుగా మారుస్తామని బిల్డరు వచ్చినప్పుడు ఆ దస్త్రం నా బల్ల మీదికే వచ్చింది. రెండేళ్లు వాళ్లతో పోట్లాడాను. నాలుగంతస్తుల ముందు భాగం నిలబెట్టాను. పొగగొట్టం నిలబెట్టాను. నూట నలభై కిటికీల్లో ఒక్కటి కూడా ప్లాస్టిక్‌ది పెట్టడానికి వీల్లేదన్నాను.

వెనకున్న నేత షెడ్డు మాత్రం వదిలేశాను. ఏదో ఒకటి వదలకపోతే మొత్తం పోయేట్టుంది. "నేత షెడ్డు — ప్రాముఖ్యం తక్కువ" అని రాసి సంతకం పెట్టాను. అక్కడ కార్లు పెట్టుకునే స్థలం వస్తుంది.

ఆ కిటికీల పని చేసినవాడు రాయ్‌స్టన్ కర్షా అనే వడ్రంగి. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మాట మొరటు, చేయి మెత్తన. ఒక్కో చట్రాన్ని ఊడదీసి, నంబరేసి, పుచ్చిపోయిన చోట కొత్త చెక్క అతికి, మళ్లీ అదే గూట్లో పెట్టేవాడు. వాళ్లమ్మ హిల్డా ఆ మిల్లులోనే ముప్పై ఏళ్లు నేత నేసింది.

ఇది రాయ్‌స్టన్ నాకు చెప్పింది. చివర కొంత నేను కళ్లారా చూసింది.

డిసెంబరు మొదటి వారం. మా వైపు ఆ రోజుల్లో నాలుగు దాటితే చీకటే. పనివాళ్లంతా వెళ్లిపోయారు. ఊడదీసిన చట్రాలు నేత షెడ్డులో వరసగా ఆనించి ఉన్నాయి. రాత్రికి మంచు పడేట్టుందని, వాటి మీద టార్పాలిన్ పట్టా కప్పి వద్దామని రాయ్‌స్టన్ ఒక్కడే వెనక్కి వెళ్లాడు.

పట్టా కప్పాడు. తాళ్లు బిగించాడు. లేచి నిలబడి నడుం పట్టుకున్నాడు...

ఎదురుగా, ఆరేడు స్తంభాల అవతల, ఒక మనిషి.

పైకప్పు అద్దాల్లోంచి వీధి దీపం వెలుగు కొంచెం పడుతోంది. బూడిద రంగు కోటు. తెల్ల జుట్టు. ఆమె ఇతన్ని చూడ్డం లేదు. తన ఎదురుగా ఉన్న ఖాళీ చోటుని చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"నా కాళ్లు నేలకి మేకులు కొట్టినట్టయిపోయాయి" అన్నాడు రాయ్‌స్టన్. "కానీ అమ్మాయ్, అసలు భయం అది కాదు. ఇంకెవరికైనా అది దెయ్యం నోరు కదపడమే. నాకు అది మాట. ఆమె అనేది నాకు తెలుస్తోంది."

ఆ సంగతి చెప్పాలి. షెడ్డులో ఎనిమిది వందల మరమగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని నేత ఆడవాళ్లు పెదవులతో మాట్లాడుకునేవాళ్లు. గొంతు వాడరు. ముఖమంతా కదిలించి మాటని చూపిస్తారు, అవతలిమనిషి కళ్లతో వింటుంది. ఇళ్లకి వచ్చాకా అదే అలవాటు. హిల్డా వంటింట్లోంచి కొడుకుని అలాగే తిట్టేది. చర్చిలో పాదిరి మాట్లాడుతుంటే, ఈ చివరి బెంచీ నుంచి ఆ చివరి బెంచీకి ఊళ్లో కబుర్లన్నీ నడిచేవి. మాట రాకముందే రాయ్‌స్టన్‌కి ఆ భాష వచ్చింది.

ఆ ముసలావిడ పెదవులు అంటున్నాయి —

'తిప్పను... ఇవాళ ముఖం తిప్పను. చెప్పు. చెప్పవే...'

రాయ్‌స్టన్ పరిగెత్తాడు. తలుపు దగ్గర పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. ఆగలేదు.

మర్నాడు టీ గదిలో పనివాళ్లు అతన్ని వదల్లేదు. "ఏంటి తాతా, ఆవిడ నీకేమైనా కన్ను కొట్టిందా?" అని ఒకడు. "నీ వయసుకి దెయ్యమే గతి" అని ఇంకొకడు. సైటు మేనేజరు స్పెన్సర్ నవ్వుతూ, "ఇంకొన్ని రోజులు ఓపిక పట్టు రాయ్‌స్టన్. సోమవారం యంత్రాలు వచ్చేస్తాయి. షెడ్డు పోతుంది, నీ స్నేహితురాలూ పోతుంది" అన్నాడు.

రాయ్‌స్టన్ నవ్వలేదు. టీ తాగలేదు. ఆ మాటే తొలుస్తోంది. దెయ్యం అయితే, చెప్పు అని ఎందుకు బతిమాలుతుంది? ఎవర్ని?

ఆ సాయంత్రం మళ్లీ వెళ్లాడు. చేతిలో బ్యాటరీ లాంతరుంది, ఆర్పేసి ఉంది.

అదే చోటు. అదే మనిషి. 'చెప్పు... చూస్తున్నాగా, చెప్పు...'

ఈసారి అతను కాళ్లని బలవంతాన ముందుకి తోశాడు. ఒక స్తంభం... రెండో స్తంభం... దగ్గరికి వెళ్లేసరికి బురద అంటిన ఇంటి చెప్పులు కనిపించాయి. దెయ్యానికి చెప్పులకి బురదెందుకు? లాంతరు వెలిగించి తన ముఖం మీదికే వెలుగు తిప్పుకున్నాడు. నోరు పెద్దగా తెరిచి, వాళ్లమ్మ నేర్పినట్టు, చప్పుడు లేకుండా అడిగాడు —

'ఎవరమ్మా నువ్వు?'

ఆమె గుండె మీద చెయ్యేసుకుంది. అతని ముఖంలోకి చూసింది. రెండు చేతులూ చాచి అతని బుగ్గలు పట్టుకుంది. వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. చల్లగా ఉన్నాయి గానీ మనిషి వేళ్లే.

'నువ్వు మాట్లాడతావా?' అన్నాయి ఆమె పెదవులు. 'బాబూ... నీకు మాట్లాడ్డం వచ్చా?'

అని, అక్కడే అతని కోటు పట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపుకీ చప్పుడు లేదు.

ఆమె పేరు విన్నీ బ్రైర్లీ. ఎనభై ఆరేళ్లు. కాలవ అవతల వృద్ధుల హోమ్‌లో ఉంటోంది. చెవులు మగ్గాల దగ్గరే పోయాయి. పదకొండేళ్ల కిందట గొంతుకి ఆపరేషన్ జరిగి మాట పోయింది. రాయడానికి వేళ్లు వంగవు. తోటి నేతగత్తెలు ఒక్కొక్కరే పోయారు. పెదవుల మాట తెలిసిన మనిషి ఆమె చుట్టుపక్కల మిగల్లేదు. ఆ హోమ్‌లో సాయంత్రం పనివాళ్లు మారే వేళకి తోట తలుపు తీసుకుని, చిన్న వంతెన దాటి, కంచె సందులోంచి షెడ్డులోకి వచ్చేది. భోజనం గంటకి తిరిగి వెళ్లిపోయేది. తోటలో కూర్చుని ఉంటుందని అందరూ అనుకునేవాళ్లు.

రాయ్‌స్టన్ చేయి పట్టుకుని ఆమెని హోమ్‌కి తీసుకెళ్లాడు. తలుపు తీసిన డోర్కస్ అనే ఆయా అదిరిపడింది.

"అయ్యో, ఈవిడెక్కడ దొరికింది మీకు! పాపం, మతి లేదండీ. పదేళ్లయి ఒక్క మాట లేదు, కాగితాల్లో కూడా అలాగే ఉంది."

"మాట్లాడుతుందమ్మా" అన్నాడు రాయ్‌స్టన్. "మీకు చూడ్డం రాదు, అంతే."

ఇదంతా మా ఇంటికొచ్చి నాకు చెప్పాడు. టీ పోశాను. తాగకుండా కప్పు చుట్టూ చేతులేసుకుని కూర్చున్నాడు.

"ఎవరి కోసం వస్తోంది రాయ్‌స్టన్ అక్కడికి?"

చెప్పాడు.

విన్నీ మొగుడు యుద్ధం నించి తిరిగి రాలేదు. ఉన్నది ఒక్కతే కూతురు, మ్యూరియల్. పదిహేనేళ్లకి ఆ పిల్ల కూడా షెడ్డులోకే వచ్చింది. తల్లీ కూతుళ్లవి ఎదురెదురు మగ్గాలు, మధ్యలో మనిషి పట్టే సందు. నాలుగేళ్లు రోజూ పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కబుర్లాడుకునేవాళ్లు. దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతూనే ఉండేది, వీళ్ల మాటలూ అలాగే.

పందొమ్మిదేళ్లప్పుడు మ్యూరియల్ ఎవడో జాతర రాట్నాలు తిప్పే కుర్రాడితో తిరుగుతోందని విన్నీ చెవిన పడింది. జాతర వెళ్లిపోయింది, వాడూ వెళ్లిపోయాడు. విన్నీకి కోపం మాత్రం పోలేదు.

నవంబరులో ఒక శుక్రవారం మ్యూరియల్ మగ్గం మీదుగా 'అమ్మా, ఒక మాట చెప్పాలి' అంది.

విన్నీ ముఖం తిప్పేసుకుంది.

"అమ్మాయ్, నీకు తెలీదు" అన్నాడు రాయ్‌స్టన్. "ఆ భాషలో ముఖం తిప్పుకోవడం అంటే అవతలి మనిషి నోరు మూసేయడమే. అరిచి చెప్పడానికి లేదు. మా అమ్మ నన్ను ఎన్ని తిట్లు తిట్టినా ముఖం మాత్రం ఎప్పుడూ తిప్పుకోలేదు."

ఆ మధ్యాహ్నమంతా ఆ పిల్ల ప్రయత్నించింది. ఇటు తిరిగితే ఇటు వచ్చింది, అటు తిరిగితే అటు వచ్చింది. విన్నీ పడుగు దారాల్లోకే చూస్తూ ఉండిపోయింది. కంటి చివర నించి కూతురి నోరు కదలడం తెలుస్తూనే ఉంది. ఏమంటోందో చూడలేదు.

మిల్లు కూత పడింది. మగ్గాలు ఆగాయి. మ్యూరియల్ తల్లి కోసం ఆగకుండా ముందే వెళ్లిపోయింది. బయట కన్ను పొడుచుకున్నా కనపడని పొగమంచు. కాలవ వంతెన మీద బొగ్గు లారీ...

నేను చెయ్యి అడ్డం పెట్టాను. చాలన్నాను.

"అందుకే వస్తోంది" అన్నాడు. "ఆ చోట నిలబడి, ముఖం తిప్పకుండా, ఆ పిల్ల ఏం చెప్పబోయిందో చూద్దామని. నలభై ఎనిమిదేళ్లయింది. ఆ షెడ్డు ఒక్కటి ఉంచు, అమ్మాయ్. మొత్తం వద్దు. ఆ నాలుగు స్తంభాలూ ఆ సందూ ఉంచు."

"నా చేతుల్లో లేదు రాయ్‌స్టన్. సంతకాలయిపోయాయి."

"ఎవరి సంతకం?"

నేను లేచి కెటిల్లో మళ్లీ నీళ్లు పోశాను.

"ఇటుకలకి నంబర్లు వేయించావు. కిటికీలకి వేయించావు. పుచ్చిన చెక్క ముక్క పారేస్తే నా మీదికి వచ్చావు. ఆ మిల్లులో ప్రాణమున్నది ఒక్కటే మిగిలింది... దానికి నంబరు వెయ్యలేదే?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే స్పెన్సర్ దగ్గరికి వెళ్లాను. బతిమాలాను, బెదిరించాను, పాత కాగితాలు మళ్లీ తిరగేశాను. నేను ఒప్పుకున్నదాన్ని నేనే కాదనడానికి దారి లేదు. చివరికి అతను తల గోక్కుంటూ అన్నాడు: "శుక్రవారం సాయంత్రం మా వాళ్లని తొందరగా పంపేస్తాను. తాళం మీకిస్తాను. నేను చెయ్యగలిగింది అదే."

శుక్రవారం దాకా రాయ్‌స్టన్ రోజూ హోమ్‌కి వెళ్లాడు. విన్నీ మాటలు ఆపేదే కాదట. పదకొండేళ్ల మాటలు. హోమ్ వంట బాగాలేదనీ, పక్క గది ముసలాయన బిస్కెట్లు దొంగతనం చేస్తాడనీ. రాయ్‌స్టన్ పకపకా నవ్వుతుంటే డోర్కస్ గుమ్మంలో నిలబడి వింతగా చూసేదట.

శుక్రవారం మధ్యాహ్నం నన్ను పక్కకి పిలిచాడు.

"ఆ పిల్ల తరఫున నేను మాట్లాడతాను."

"అంటే?"

"ఎదురు మగ్గం ఉన్నచోట నేను నిలబడతాను. టోపీ కిందికి లాక్కుంటాను. మసక వెలుగు, ఆవిడకి చూపు అంతంతమాత్రం. 'అమ్మా, నీ మీద కోపం లేదు' అంటాను. అంతే. తప్పంటావా?"

తప్పో ఒప్పో నాకు తెలీలేదు. "అను" అన్నాను.

నాలుగున్నరకి ముగ్గురం లోపలికి వెళ్లాం. గోడల మీద మంచు పేరుకుంది. విన్నీకి మా అమ్మ కోటు తొడిగాను. ఆమెకి దారి ఎవరూ చూపించక్కర్లేదు. స్తంభాల్ని చేత్తో తడుముతూ... ఒకటి... రెండు... తన చోటికి వెళ్లి ఆగింది. ఆ రాతి నేల మీద ఏళ్ల తరబడి నిలబడి అరగదీసిన పల్లం ఉంది. రెండు పాదాలూ అందులో పెట్టింది.

లాంతరు మధ్యలో నేల మీద పెట్టాం. రాయ్‌స్టన్ అవతలికి నడిచాడు. నేను విన్నీ మోచెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డాను. నేను విన్నీ ముఖమే చూస్తున్నాను. రాయ్‌స్టన్ వైపు చూడలేదు. చూడాలంటే సిగ్గేసింది.

చాలాసేపు ఏమీ లేదు. పైన అద్దం పలక ఒకటి గాలికి టకటకమంది. ఆగిపోయింది.

అప్పుడు విన్నీ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

కళ్లు పెద్దవయ్యాయి. చిన్నపిల్ల పుస్తకం చదువుతున్నట్టు, చూపు ఒక చోట ఆగి ఆగి కదిలింది. ఏదో అంది. మళ్లీ చూసింది. తలూపింది. మళ్లీ ఏదో అడిగింది... కళ్ల నిండా నీళ్లు, అయినా రెప్ప వెయ్యడం లేదు. రెప్ప వేస్తే ఒక మాట పోతుందేమోనన్నట్టు.

పది నిమిషాలు. ఇంకా ఎక్కువే ఉంటుందేమో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రాయ్‌స్టన్ ఇంత చక్కగా మాట్లాడుతున్నాడా అనుకున్నాను. మనసులో దండం పెట్టుకున్నాను.

చివరికి ఆమె చెయ్యి చాచి, గాల్లో ఎవరి జుట్టో చెవి వెనక్కి సర్దినట్టు సర్దింది. నా వైపు తిరిగి, పద అన్నట్టు తలూపింది.

విన్నీని హోమ్‌కి తీసుకెళ్లాం. వంతెన మీద రాయ్‌స్టన్ రెండుసార్లు ఆగి కమ్మీ పట్టుకున్నాడు. చలికనుకున్నాను.

సోమవారం యంత్రాలు వచ్చాయి. రెండు రోజుల్లో షెడ్డు లేదు. నేను చూడ్డానికి వెళ్లలేదు. విన్నీ మళ్లీ తోట తలుపు వైపు వెళ్లలేదని డోర్కస్ చెప్పింది. రాయ్‌స్టన్ దగ్గర డోర్కస్ నాలుగు మాటలు నేర్చుకుంది — ఆకలా, చలా, నొప్పా, నిద్రొస్తోందా. విన్నీ ఆమె యాసని వెక్కిరించేదట. ఫిబ్రవరి చివర, కూర్చున్న కుర్చీలోనే, నొప్పీ గిప్పీ లేకుండా పోయింది.

అంత్యక్రియలకి మేం అయిదుగురం వచ్చాం. తర్వాత చర్చి గదిలో టీలూ, హామ్ శాండ్‌విచ్‌లూ. రాయ్‌స్టన్ కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. వెళ్లి భుజం తట్టాను.

"మంచి పని చేశావు రాయ్‌స్టన్. ఆ రోజు అంతసేపు ఏం చెప్పావో ఏమో, ఆవిడ తేలికపడి వెళ్లింది."

అతను కప్పు కిందపెట్టాడు.

"నేనేం చెప్పలేదు."

"అదేంటి?"

"నోరు పెగల్లేదు, అమ్మాయ్. అక్కడ నిలబడ్డాను. అబద్ధం ఆడబోతున్నానని తోచి పెదవులు అతుక్కుపోయాయి. టోపీ ముఖమ్మీదికి లాక్కుని, తల వంచుకుని, ఏడుస్తూ నిలబడ్డాను. ఒక్క మాట... ఒక్క మాట అనలేదు."

గదిలో ఎవరో చెంచా పింగాణీకి తగిలించారు. ఆ చప్పుడుకి ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"మరి ఆవిడ..."

"ఆవిడ నన్ను చూడలేదు. నా ఎడం భుజం పక్కన చూసింది. కొంచెం కిందికి... పొట్టి మనిషిని చూసినట్టు. ఆవిడ అన్నవి నేను చూశాను. అవతలి వైపు నించి ఏమొచ్చిందో నాకు తెలీదు, ఇవతలివి మాత్రం అన్నీ చూశాను."

గొంతు తగ్గించాడు. తర్వాత గొంతు వదిలేశాడు. పెదవులతో మాత్రం, నాకు అర్థమయ్యేలా మెల్లగా, విన్నీ మాటలు చూపించాడు.

'ఎన్నో నెల?'

'నాలుగా...'

'పిచ్చిదానా, దీనికా ఇంత భయపడ్డావు. ఏం పర్లేదు. పెంచుకుందాం. ఇద్దరం కలిసి పెంచుకుందాం.'

అక్కడితో ఆగి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నేను నమ్మలేదు. వయసు మీద పడ్డ తల్లి, ఏళ్ల తరబడి ఊహించుకుని ఊహించుకుని, తనకి కావాల్సిన మాట తనే కల్పించుకుని ఉంటుందని రాయ్‌స్టన్‌కి సర్దిచెప్పాను. అలా జరగకూడదని లేదు కదా.

కానీ నా ఉద్యోగమే పాత కాగితాలు వెతకడం. మనసు ఊరుకోలేదు. అడగాల్సినవాళ్లని అడిగి, ఏప్రిల్లో, 1961 నాటి ప్రమాద మరణాల పెట్టె తెప్పించుకున్నాను. మ్యూరియల్ బ్రైర్లీ, నేత కార్మికురాలు, పందొమ్మిదేళ్లు. డాక్టరు రిపోర్టు టైపు చేసి ఉంది. కట్టిన దారం మీది మైనం ముద్ర పగలలేదు. నేను విప్పేదాకా దాన్ని ఎవరూ విప్పలేదు.

రెండో పేజీ అడుగున డాక్టరు సిరాతో, చేత్తో, ఒక వాక్యం రాశాడు.

'నాలుగో నెల గర్భం. తల్లికి ఇక ఎవరూ లేరు. ఈ సంగతి ఆమెకి ఎప్పటికీ చెప్పవద్దు.'